మైత్ర ముహూర్తం

కార్తీక సోమవారాలు వస్తే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా రాజమండ్రి పుష్కరాల రేవులో ఉంటాం, నేనూ నా స్నేహితురాలూ. బీఈడీ రోజుల్లో ఒకే హాస్టలు గది మాది. తర్వాత నేను సోషల్ టీచర్నయ్యాను, తను తెలుగు టీచరు. ఇద్దరం రిటైరయ్యాం. మోకాళ్లు మొరాయిస్తున్నా మెట్లు దిగడం మాత్రం మానలేదు. ఒత్తులు చేసుకురావడం తన పని, అరటి దొప్పలూ ఆవునెయ్యీ నా వంతు.

పోయిన కార్తీకంలో రెండో సోమవారం నేను వదిలిన దొప్ప నాలుగడుగులు వెళ్లిందో లేదో, పక్కన ఎవరో బుడుంగున మునిగారు. ఆ అలకి దొప్ప ఒరిగి దీపం కొండెక్కింది.

"మీ ఐక్యరాజ్యసమితి లాగే ఉందే" అంది తను.

నవ్వొచ్చింది గానీ ఆ మాట గుచ్చుకుంది కూడా. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పినదాన్ని. ఏటా అక్టోబరు 24న బోర్డు మీద 1945 అని రాసి, భద్రతా మండలిలో 15 మంది సభ్యులు, అందులో 5 శాశ్వత సభ్యదేశాలు, వాళ్లకి వీటో ఉంటుంది అని వల్లె వేయించేదాన్ని. ఒక ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "టీచర్, పద్నాలుగు మంది సరే అన్నా ఒక్కళ్లు వద్దంటే ఆగిపోతుందా?" అన్నాడు. ఆ ఐదుగురిలో ఒకళ్లైతే ఆగిపోతుందన్నాను. "మరి మిగతావాళ్లు చేతులెత్తడం దేనికి టీచర్?" పరీక్షలో అది రాదు, కూర్చోమన్నాను. ఆ కుర్రాడికి నేనింకా జవాబు బాకీ.

నా స్నేహితురాలు మొదట్నుంచీ ఇలా లేదు. అసలు నాకన్నా తనకే ఆశ ఎక్కువ. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ లండన్‌లో, రోమ్‌లో, ఇంకా వందల నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. పేపర్లో పడ్డ ఆ ఫొటో కత్తిరించి, టిఫిన్ డబ్బాలో మిగిలిన అన్నం మెతుకులతో స్కూలు నోటీసు బోర్డుకి అంటించింది. "ఇంతమంది వద్దంటుంటే ఎలా మొదలుపెడతారే?" అంది. మార్చి 20న బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. ఆ ఫొటోని తనే గోటితో గీకి తీసింది. సగమే ఊడింది, మిగతా సగం బోర్డు మీదే చాన్నాళ్లు ఉండిపోయింది.

2022లో మా వీధి అమ్మాయి ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ మధ్యలో వదిలేసి, చలిలో సరిహద్దు దాకా నడిచి, పోలండ్ నుంచి ఆపరేషన్ గంగ విమానంలో ఇల్లు చేరింది. ఆ ఫిబ్రవరిలో భద్రతా మండలి అధ్యక్ష స్థానం రష్యాది. దాడి మొదలుపెట్టినవాళ్లే సభ నడిపారు. దాడిని తప్పుపట్టే తీర్మానాన్ని 25న వీటోతో ఆపేశారు. 2023 డిసెంబరు 8న గాజాలో కాల్పులు ఆపాలన్న తీర్మానానికి 13 చేతులు లేచాయి. బ్రిటన్ ఎటూ ఓటెయ్యలేదు. అమెరికా ఒక్కటే వద్దంది, అక్కడితో సరి. ఆ నెలే మా తెలుగు టీచరమ్మ పేపరబ్బాయికి లెక్క తేల్చి రేపట్నుంచి వెయ్యొద్దంది. "ఎవర్ని ఎవరు చంపుకుంటున్నారో తెలుసుకుని నేనేం చెయ్యాలే? ఆ టైములో సహస్రనామం చదువుకుంటే మనశ్శాంతి."

మనశ్శాంతి కోరుకోవడంలో తప్పేముంది? కాకపోతే సహస్రనామాన్ని తలుపు గడియలా వాడుకోవచ్చా అని నాకో అనుమానం. తనతో అనలేదు. అంటే ఊరుకునే మనిషి కాదు.

నేను కార్తీకంలో పురాణంతో పాటు భారతంలో ఉద్యోగపర్వం కొంచెం కొంచెం చదువుతాను. కృష్ణుడు రాయబారానికి బయల్దేరింది ఈ మాసంలోనే మరి. వ్యాసుడు ముహూర్తంతో సహా చెప్పాడు. కౌముద మాసం అంటే కార్తీకమే. రేవతీ నక్షత్రం. శరత్తు వెళ్లిపోయి చలి దిగుతున్న రోజులు. ఎండ ఇంకా చురుక్కుమనని పొద్దు. 'మైత్రే ముహూర్తే సంప్రాప్తే' అన్నాడు. మైత్ర ముహూర్తం, మిత్రుడి పేరున్న గడియ! యుద్ధం తప్పదని లోపల తెలిసినవాడు ఏరి ఏరి ఆ గడియలో రథమెక్కాడు. ఎన్నోసార్లు చదివాను గానీ, ఆ మాట దగ్గర నేను ఆగింది ఈమధ్యనే.

రాయబారం అంటే మన వైపు పద్యనాటకమే గుర్తొస్తుంది. హార్మోనియం, తెగేదాకా సాగే రాగం, వన్స్ మోర్లు. అదంతా సభలో జరిగింది. నాకు సభకి ముందు రాత్రి ముఖ్యం. దుర్యోధనుడు భోజనానికి పిలిస్తే కృష్ణుడు ఒప్పుకోలేదు. ఒకరింట అన్నం తింటే ప్రేమ ఉండి తినాలి, లేదా ఆపదలో ఉండి తినాలి. నీకు మా మీద ప్రేమ లేదు, మాకు ఆపదా రాలేదు, అన్నాడు. వచ్చిన పని అయ్యాకే దూత విందు తింటాడని కూడా చెప్పాడు. ఇప్పటి శిఖరాగ్ర సమావేశాల్లో ముందు విందు, ముందు ఫొటో. పని సంగతి తర్వాత చూస్తారు.

ఆ రాత్రి విదురుడి ఇంట్లో భోజనం అయ్యాక విదురుడు మనసులో మాట చెప్పేశాడు. నువ్వు రాకుండా ఉండాల్సింది కృష్ణా అన్నాడు. మంచిమాటా చెడ్డమాటా ఒకటే అయిపోయిన చోట తెలివైనవాడు నోరు విప్పడు, చెవిటివాళ్ల మధ్య పాట పాడినట్టే అన్నాడు. మనం చెవిటివాడి ముందు శంఖం అంటామే, అదే. అన్నది ఎవరో పిరికివాడు కాదు, ఆ ఊళ్లోకెల్లా ధర్మం తెలిసినవాడు. మా స్నేహితురాలిదీ విదురుడి వాదమే. దానికి కృష్ణుడి జవాబు ఇది:

ధర్మకార్యం యతన్ శక్త్యా న చేచ్ఛక్నోతి మానవః
ప్రాప్తో భవతి తత్పుణ్యమత్ర మే నాస్తి సంశయః

ధర్మమైన పనికి శక్తికొద్దీ ప్రయత్నించి, చెయ్యలేకపోయినా సరే, ఆ పుణ్యం మనిషికి దక్కుతుంది, నాకు సందేహం లేదు అంటున్నాడు. రేపు సంధి కుదురుతుందని ఎక్కడా అనలేదు చూడండి. 'సందేహం లేదు' అన్న మాట పుణ్యం గురించే.

ఇంకో నాలుగు శ్లోకాలకి స్నేహం మాట వస్తుంది. చెడ్డపని చెయ్యబోతున్న మిత్రుణ్ణి జుట్టు పట్టుకుని లాగైనా సరే ఆపాలని చూసినవాణ్ణి ఎవరూ వేలెత్తి చూపలేరట. 'ఆకేశగ్రహణాత్' అని ఆ పదం. బయల్దేరే ముందు ద్రౌపది తన జుట్టును ఎడమచేత్తో పట్టుకుని చూపించి, సంధి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకో అని ఏడ్చింది. దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టు అది. అది చూసి వచ్చినవాడి నోటి నుంచే ఈ మాట వచ్చింది. పైగా దుర్యోధనుణ్ణి కూడా మిత్రుల లెక్కలోనే వేసి మాట్లాడుతున్నాడు. ఇది నాకు పూర్తిగా మింగుడుపడదు. అయినా అక్కడ ఉంది.

ఇదంతా ఆ సోమవారం మెట్ల మీద కూర్చుని చెప్పాను. తెలుగు టీచరుకి భారతం చెప్పబోవడం నాదే బుద్ధి తక్కువ.

"అదే రాత్రి ఇంకో మాట కూడా అన్నాడుగా. శక్తి ఉండీ కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు, అందుకొచ్చాను అన్నాడా లేదా? స్త్రీపర్వంలో గాంధారి అచ్చం ఆ మాటే అంది. శక్తి ఉండీ ఊరుకున్నావు, 36వ ఏట నీవాళ్లూ ఇలాగే పోతారు అని శపించింది. సభలో తను కూడా కొడుక్కి బుద్ధి చెప్పిందే కదా, రాయబారం సంగతి తెలియనిదా? తెలిసీ అంది. 18 అక్షౌహిణులు పోయాయి. వెళ్లొచ్చిన మనిషికి మంచిపేరైనా మిగల్లేదు. పుణ్యం దక్కిందంటావు, దాన్ని ఏం చేసుకోను?"

నా దగ్గర జవాబు లేదు. భీష్ముడు చెప్పాడు, ద్రోణుడు చెప్పాడు, విదురుడు చెప్పాడు. ధృతరాష్ట్రుడు సింహాసనం మీద కూర్చునే, నాకూ ఇష్టం లేదు గానీ నా చేతుల్లో లేదయ్యా అన్నాడు. అన్ని చేతులు లేచినా ఒక్కడు వద్దన్నాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు మళ్లీ లేచి నిలబడ్డట్టయింది.

గాంధారి శాపానికి కృష్ణుడు చిన్నగా నవ్వి ఒప్పుకున్నాడు. ఆ నవ్వు నాకు అర్థం కాదు. నాకు తెలిసింది నా సంగతే, అదే చెప్పాను.

2009 కార్తీకంలో మా పుట్టింటి వాటాల దగ్గర గోడ పక్కన మూడు గజాల సందు కోసం అన్నయ్య మీద కోర్టుకెక్కాను. సూది మొన మోపినంత అనుకోండి. నోటీసు తయారై టేబుల్ మీద ఉంది. అది తెలిసి ఆ సోమవారం సాయంత్రం తను మా ఇంటికొచ్చింది. పొద్దుట్నుంచీ ఉపవాసం. చుక్క పొడిచింది, నేను ఆకు వేశాను. "ఆ కాగితం చింపితేనే నీ ఇంట్లో మెతుకు ముట్టేది" అంది. పదకొండింటి దాకా కొట్టుకున్నాం. చింపలేదు. తను మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. మర్నాడు నోటీసు పంపించేశాను. పై సోమవారం ఏమీ జరగనట్టు ఒత్తులు పట్టుకుని రేవులో నిలబడి ఉంది.

కేసు తొమ్మిదేళ్లు నడిచింది. ఆరో ఏట అన్నయ్య పోయాడు. పన్నెండో రోజున వదిన నాకు వడ్డించింది, కళ్లెత్తి చూడలేదు. తీర్పు నాకే వచ్చింది. ఆ సందులో ఇప్పుడు పిచ్చిమొక్కలు.

"అప్పుడు నా చుట్టూ ఉన్న ప్రతివాళ్లూ నీదే న్యాయం అన్నారే. కాదన్నదానివి నువ్వొక్కదానివే. నా మనసేమీ మారలేదు, నీ మాట వినలేదు. కానీ అన్నయ్య పోయాడని ఫోనొచ్చిన రాత్రి నేను చేసింది నీకే. నా పక్షం అన్నవాళ్లలో ఒక్కరి నంబరైనా నొక్కబుద్ధి కాలేదు. ఆ రోజు నువ్వు వచ్చి ఓడిపోయి ఉండకపోతే నాకు వెళ్లడానికి ఇల్లు ఉండేది కాదు."

తను ఏమీ మాట్లాడలేదు. చీరకొంగుతో ముక్కు తుడుచుకుని, చలి అంది. ఆరిపోయిన దొప్ప అల వెంట మళ్లీ మెట్టు దగ్గరికే కొట్టుకొచ్చింది. దాన్ని అందుకుని, తడిసిన ఒత్తి తీసేసి కొత్తది పెట్టింది. రెండు అగ్గిపుల్లలు గాలికి ఆరిపోయాయి. మూడోదానికి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మీ వీధి అమ్మాయి, ఆ ఉక్రెయిన్ నుంచి వచ్చినమ్మాయి, చదువు పూర్తి చేసిందా?" అంది దీపం వంకే చూస్తూ.

జార్జియా వెళ్లి పూర్తి చేసిందనీ, ఇక్కడి పరీక్షకి చదువుతోందనీ చెప్పాను.

"ఊఁ" అని దొప్పని నీళ్లలోకి నెట్టింది. "ఈ నెయ్యి చాలట్లేదే. వచ్చే వారం కొంచెం ఎక్కువ తీసుకురా."