ఇన్‌స్టంట్ అంటే కాఫీ కాదు: 1877 పేపర్లతో నా తంటా

ఎవరైనా అన్నం పారేస్తే మా అవ్వ "ధాత కరువులో పుట్టింటే తెలిసేది" అనేది. ధాత అంటే 1876-77, కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాల్ని ఊడ్చిపెట్టిన కరువు. ఆ కరువు గురించి అప్పటి ఇంగ్లిష్ పేపర్లు ఏం రాశాయో తేదీల వారీగా ఒక ఎక్సెల్ షీట్‌లో పెడదామని పోయిన వేసవిలో కూర్చున్నా. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో పాత పేపర్లు ఉచితంగా చదువుకోవచ్చు. వాళ్ళకి మన కరువుతో ఏం పని అంటారా, 1877లో మద్రాసు కరువు బాధితుల కోసం అక్కడ కూడా చందాలు పోగుచేశారు, అందుకని వార్తలు బాగానే వచ్చాయి.

మొదటి రోజే ఒక మాట దగ్గర ఆగిపోయా. ఏ వార్త చూసినా "10థ్ ఇన్‌స్టంట్", "14థ్ ఇన్‌స్ట్." అని ఉంది. నాకు తెలిసిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి, రెండు నిమిషాల నూడుల్స్. అప్పటికప్పుడు జరిగింది అని చెప్తున్నారేమో అనుకుని, ఆ మాట వదిలేసి తేదీ మాత్రం ఎక్కించుకుంటూ పోయా. ఇరవై వార్తలయ్యాక నెల పేరు ఎక్కడా లేదే అని అనుమానం వచ్చింది.

మా నాన్న తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. పక్క గదిలోంచే అన్నాడు: "ఈ నెల అని రా. అల్టిమో అంటే పోయిన నెల, ప్రాక్సిమో అంటే వచ్చే నెల. మేం లెటర్లలో అట్లే రాస్తాంటిమి." ఇన్‌స్టంట్ అనేది లాటిన్‌లో 'నడుస్తున్న నెలలో' అనే మాటకి పొట్టి రూపమట. హమ్మయ్య అనుకుని, పేపర్ ఏ నెలదైతే ఆ నెలే వేసుకుంటూ ఒక్క పూటలో షీట్ అంతా నింపేశా.

అక్కడే దెబ్బతిన్నా.

మెల్‌బోర్న్ పేపర్ ఒకటి, అక్టోబర్‌ది. వైస్రాయ్ లిట్టన్ మద్రాసు రాబోతున్నాడని అందులో ఉంది, పక్కనే ఇన్‌స్టంట్ అని తేదీ. నేను అక్టోబర్ వేసుకున్నా. కానీ లిట్టన్ మద్రాసు వచ్చింది 1877 ఆగస్టు చివర్లో. వచ్చి వెళ్ళిపోయినాయన ఇంకా రాబోవడమేంటి? గంటసేపు తల పట్టుకుని మళ్ళీ నాన్న దగ్గరికే వెళ్తే, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకటే అడిగాడు, "ఆ జాబు ఏ తేదీది, చూసినావా?" చూడలేదు. పైకి స్క్రోల్ చేస్తే సన్నక్షరాల్లో ఉంది, అది మద్రాసు నుంచి ఆగస్టులో రాసిన ఉత్తరం, వీళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. టెలిగ్రాఫ్ తీగ 1872 నాటికే ఆస్ట్రేలియాకి చేరింది గానీ, తంతిలో వచ్చేవి ముక్కలు ముక్కలే. పెద్ద ఉత్తరాలు స్టీమర్ ఎక్కి వారాల తరబడి ప్రయాణం చేసి వచ్చేవి. అంటే 'ఈ నెల' పేపర్‌ది కాదు, ఉత్తరం రాసినవాడిది. నింపిన షీట్ అంతా మళ్ళీ మొదటి నుంచి తిరగేయాల్సొచ్చింది, ఈసారి పేపర్ తేదీకి ఒక గడి, ఉత్తరం తేదీకి ఒక గడి, జరిగిన తేదీకి ఇంకో గడి పెట్టుకున్నా. జనవరి పేపర్లో అల్టిమో కనిపిస్తే నెలతోపాటు సంవత్సరం కూడా వెనక్కి జరపాలని మధ్యలో ఒకసారి మర్చిపోయా, అది వేరే కథ.

ఇంకో చికాకు, స్కాన్ చేసిన అక్షరాల్ని కంప్యూటర్ సరిగ్గా చదవదు. ఇన్‌స్ట్ కాస్తా "ఇనాట్" అవుతుంది, "ఐయుస్ట్" అవుతుంది, వెతికితే దొరకదు. ట్రోవ్‌లో మనమే దిద్దొచ్చు కాబట్టి కనిపించినవన్నీ దిద్దుకుంటూ పోయా, అదో వ్యసనమైపోయింది నాకు.

ఈ ఇంగ్లిష్ వాళ్ళకి నెల పేరు రాయడానికి ఏం రోగం అని తిట్టుకుంటుంటే, నాన్న ఆ రోజు తెలుగు పేపర్ నా ముందు పెట్టి వేలుతో చూపించాడు. "ఈ నెల 14న గ్రామసభ." మా బీరువాలో అవ్వ దాచుకున్న పేపర్ ముక్క ఒకటుంది, మా ఊరి చెరువుకి గండి పడిన వార్త, అందులోనూ "ఈ నెల 9న" అనే ఉంది. తేదీ ఉన్న పైభాగం కత్తిరింపులో పోయింది. ఏ సంవత్సరమో నాన్నకీ గుర్తు లేదు, వెనక పక్క సగం చిరిగిన సినిమా ప్రకటన ఉంది, ఇప్పుడు దాన్ని పట్టుకుని వెతుకుతున్నా.