రిసీట్‌లో పలకని పి సంగతి

మొన్న మా అక్క కూతురు స్కూల్ నుంచి వచ్చి మూల కూర్చుంది, ఏమైందమ్మా అంటే క్లాసులో పాఠం పైకి చదువుతూ రిసీప్ట్ అందంట, అందరూ నవ్వారంట. "పిన్నీ, పలకనప్పుడు ఆ పి ఎందుకు రాయాలి?" అని అడిగింది. నాకైతే నవ్విన వాళ్ళ మీదే కోపమొచ్చింది. రాసింది రాసినట్టు చదివే భాషలో పుట్టిన పిల్ల, కళ్ళ ముందున్న అక్షరాన్ని పలకడంలో తప్పేముంది?

ఆ పి గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీషు వాళ్ళ నోట్లోకి వచ్చినప్పుడే ఆ మాటలో పి పలికేది కాదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని పండితులు దాన్ని రాతలోకి తెచ్చారు, జనం మాత్రం పాత అలవాటు మానలేదు. ఇంకా విచిత్రం, అదే కుటుంబంలోని డిసీట్ అంటే మోసం, అందులో మాత్రం పి నిలవలేదు! అప్పు అనే అర్థం ఉన్న డెట్‌లో బి కూడా ఇలా లాటిన్ కోసం ఇరికించిందే, ముందు బి లేకుండానే రాసేవాళ్ళు. డెబిట్ కార్డ్‌లో డెబిట్ కూడా ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది, అక్కడ మాత్రం బి పలుకుతాం.

కోర్టు వార్తల్లో వచ్చే ఇండైట్ అంటే నేరాభియోగం మోపడం, మధ్యలో సి ఉంటుంది, పలకరు. విటల్స్ అంటే తిండి సరుకులు, స్పెల్లింగ్ చూస్తే విక్చువల్స్ అనాలనిపిస్తుంది.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం మన పేపర్లలో కల్నల్ అని రాసే మాట. ఇటాలియన్‌లో కొలొన్నెల్లో, ఫ్రెంచ్ వాళ్ళు మొదటి ల ని ర చేసి కొరొనెల్ అన్నారు, 1500ల్లో ఇంగ్లీషులోకి అలాగే వచ్చింది, తర్వాత రాతలో ఎల్ తిరిగొచ్చింది కానీ నోట్లో ర పలుకుబడే నిలబడిపోయి కర్నల్ అయింది. ఒక మాటలో రెండు భాషల దారులు కలిసిపోయాయి, ఊహించి పలకమంటే ఎవరి వల్లవుతుంది చెప్పండి? మన పందికొక్కు కూడా అటు వెళ్ళి బ్యాండికూట్ అయింది కదా అంటే పిల్ల మొహంలో వెలుగొచ్చింది.

అన్నం తింటూ ఐల్యాండ్‌లో ఎస్ కూడా లాటిన్‌దేనా అని అడిగింది. అది అచ్చ ఇంగ్లీషు మాటే, అసలు ఎస్ లేదు, లాటిన్ నుంచి వచ్చిన ఐల్ అనే వేరే మాటతో చుట్టరికం ఉందనుకుని పొరపాటున పెట్టేశారు అని చెప్పా. వెంటనే చెయ్యి కడుక్కుని వెళ్ళి నోట్‌బుక్‌లో రాసుకుంది.