పెళ్లి ముందు పళ్ళు తెల్లగా చేయించుకోవాలనుకునేవాళ్ళకి

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే మా క్లినిక్‌కి వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న, పళ్ళు తెల్లగా చెయ్యడానికి ఎంతవుతుంది అని. నేను పర్లాకిమిడిలో పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాను. పాతపట్నం, కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి కూడా వస్తుంటారు. తెలుగు, ఒడియా, సవర, ఏ భాషలో అడిగినా ప్రశ్న ఇదే. పుచ్చు గురించి మాత్రం ఎవరూ అడగరు, నాకు బాధ అక్కడే.

మొన్న ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. ముందు రెండు పళ్ళ మధ్య నల్లగా పుచ్చు. "అమ్మా, పెళ్లి పదిహేను రోజులే ఉంది, ముందు తెల్లగా చేసెయ్యండి, ఆ సిమెంటు సంగతి తర్వాత చూసుకుందాం" అంది. డాక్టరుగారు ఒప్పుకోలేదు. పళ్ళు తెల్లగా చెయ్యడానికి వాడే బ్లీచింగ్ జెల్‌లో ఉండేది పెరాక్సైడ్ అనే మందు. పన్ను లోపలికి దిగి రంగును విరగ్గొట్టడమే దాని పని. గుంట తెరిచి ఉంటే అది నేరుగా నరం దగ్గరికి పోతుంది, ఇక ఆ జివ్వుమనడం ఎవరూ తట్టుకోలేరు.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలీదు. బ్లీచింగ్‌తో పన్ను తెల్లబడుతుంది గానీ ఫిల్లింగ్, క్యాపు రంగు మారవు. అంటే ఇవాళ పన్ను రంగుకి సరిపోయేలా ఫిల్లింగ్ పెట్టించుకుని వచ్చే నెల బ్లీచింగ్ చేయిస్తే, ఆ ఒక్కచోటే పచ్చగా కనబడుతుంది. అందుకే ముందు గుంటని తాత్కాలికంగా మూసి, గార తీయించి, బ్లీచింగ్ చేసి, ఆ తర్వాత రెండు వారాలైనా ఆగి ముందు పళ్ళకి అసలు ఫిల్లింగ్ పెడతారు. బ్లీచింగ్ చేసిన వెంటనే పెడితే మెటీరియల్ పన్నుకి గట్టిగా అంటుకోదు. ఇంట్లో పళ్ళకి జెల్ వేసిన ట్రే పెట్టుకుని చేసే పద్ధతికే మామూలుగా రెండు వారాలు పడుతుంది కాబట్టి, ముహూర్తం పెట్టుకోగానే, అంటే కనీసం నెలన్నర ముందే రండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి, గర్భిణులకి మేము చెయ్యం.

ఆ అమ్మాయికి అంత టైం లేదు కదా, గార తీసి ఫిల్లింగ్ ఒక్కటే చేశాం. షేడ్ గైడ్, అంటే పన్ను రంగు పోల్చి చూసే నమూనాలు, మొదట్లోనే, నోరు తడిగా ఉన్నప్పుడే పట్టి చూడాలి, పన్ను ఆరితే ఉన్నదానికన్నా తెల్లగా కనబడి రంగు తప్పుతుంది. పుచ్చు తీసి, ఫిల్లింగ్ గట్టిగా అంటుకోడానికి వేరే జెల్ రాసి కడిగి, కాంపోజిట్ అనే పన్ను రంగు మెత్తటి ఫిల్లింగ్ మెటీరియల్‌ని కొంచెం కొంచెంగా పొరలుగా పెట్టి, ఒక్కో పొరకీ నీలం లైటు వేశారు డాక్టరుగారు. ఒకేసారి కుక్కేస్తే గట్టిపడేటప్పుడు ముడుచుకుని అంచుల్లో సందు వస్తుంది, ఆ సందులోంచి మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. చివర్లో రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచేశారు. వాళ్ళమ్మ ఫోన్ టార్చి వేసి, ఏ పన్నుకి చేశారా అని చాలాసేపు వెతికింది.

దవడ పళ్ళకి పాతకాలం వెండి ఫిల్లింగ్ ఉన్నవాళ్ళు అందులో పాదరసం ఉందని విని టెన్షన్ పడుతున్నారు. సుమారు సగం పాదరసమే, నిజమే. కానీ పగలకుండా, అంచులు ఊడకుండా ఉన్నదాన్ని రంగు కోసం తీయించుకోవద్దు, తవ్వేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది.

ఇక గుడాకు, అంటే పళ్ళకి తోముకునే పొగాకు పేస్టు. మా వైపు తెల్లారి లేస్తే వేలితో గుడాకు తోముకునే ఆడవాళ్ళు ఎంతమందో. పంటి నొప్పి తగ్గుతుందని మొదలుపెడతారు, అది పొగాకు కాబట్టి ఇక మానలేరు. దాని గోధుమరంగు మరకలు చాలావరకు గార తీసే క్లీనింగ్‌తోనే పోతాయి, బ్లీచింగ్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్న మాట నమ్మకండి. కదిలే పళ్ళని అన్నాళ్ళూ పట్టి ఉంచింది ఆ గారే, చిగురుని తినేసిందీ అదే. నిమ్మకాయ, ఉప్పు, బొగ్గు వేసి రుద్దకండి, పైనున్న ఎనామెల్ అరిగితే మళ్ళీ పుట్టదు, లోపలి పసుపు ఇంకా బయటపడుతుంది.

గుడాకు పెట్టుకునే చోట, పెదవి లోపల గానీ చిగురు మీద గానీ, తెల్లమచ్చో మానని పుండో రెండు వారాలు దాటి ఉంటే మాత్రం పళ్ళ రంగు సంగతి పక్కన పెట్టండి. నొప్పి లేకపోయినా సరే, బరంపురం ఎంకేసీజీ లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకోండి.