హీటర్ హోస్ ఫిట్టింగ్ విరిగిన రోజు

బోల్టు వదులయ్యేటప్పుడు చేతికి ఒక రకంగా తెలుస్తుంది, విరిగేటప్పుడు ఇంకో రకంగా తెలుస్తుంది. వదులయ్యేదైతే టక్కుమని ఒక్క చప్పుడు చేసి కదులుతుంది. విరగబోయే ఇనుప బోల్టు మెత్తగా సాగుతున్నట్టు వస్తుంది, హమ్మయ్య వస్తోంది అనుకునేలోపు స్పానర్ ఖాళీగా తిరిగిపోతుంది. ఈ రెండూ నాకు బాగా తెలుసు, పదేళ్లుగా చేస్తున్న పనే ఇది. ఆ రోజు నా చేతిలో విరిగింది మాత్రం ఈ రెండు రకాలూ కాదు. సుద్దముక్క విరిగినట్టు, చప్పుడే లేకుండా, సగం స్పానర్‌తో పాటు బయటికొచ్చింది, మిగతా సగం లోపలే ఉండిపోయింది.

కెనడా వచ్చాక నాకది మూడో చలికాలం. ఒంటారియోలో కార్ల రిపేర్ పని చేయాలంటే సర్టిఫికెట్ అయినా ఉండాలి, అప్రెంటిస్‌గా రిజిస్టర్ అయినా అయి ఉండాలి. నేను అప్రెంటిస్‌ని. అక్కడ ఎన్నేళ్లు పని చేసొచ్చినా ఇక్కడ మళ్లీ గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. దానికి నేనేమీ బాధపడలేదు. నన్ను బాధపెట్టింది బుక్ టైమ్. ఈ మాట తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రతి పనికీ పుస్తకంలో, అంటే ఇప్పుడు కంప్యూటర్లో, ఇన్ని గంటలు అని ఒక లెక్క ఉంటుంది. ఫ్లాట్ రేట్ మీద పని చేసేవాడికి ఆ లెక్క ప్రకారమే డబ్బు. గంట పనిని అరగంటలో ముగిస్తే గంట డబ్బు వస్తుంది, మూడు గంటలు పట్టినా గంట డబ్బే వస్తుంది. ఆ లెక్క తుప్పు పట్టని బండికి, విరగని బోల్టుకి వేసిన లెక్క. ఇక్కడేమో మంచు కరగడానికి నెలల తరబడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి కిందంతా పట్టేసి, బోల్టు సందుల్లోకి దూరి, లోపల్లోపల తినేస్తాయి. తుప్పు ఎప్పుడూ తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రెండింతలకు పైనే. అందుకే తుప్పు పట్టిన నట్టు రాదు, లోపల ఎవరో మేకులు దిగ్గొట్టినట్టు బిగుసుకుపోతుంది. పుస్తకం రాసినవాళ్లకి ఇది తెలీక కాదు, కానీ ఆ లెక్కలో దానికి చోటు లేదు.

వచ్చింది పాత పికప్ ట్రక్కు. కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కారుతోందని తెచ్చారు. చూస్తే హీటర్‌కి వెళ్లే గొట్టం ఇంజన్ మీద ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, అంటే ఇంజన్‌లోకి గాలి పంపే అల్యూమినియం భాగానికి, తగులుకునే చోట, ఆ గొట్టాన్ని కలిపే క్విక్ కనెక్టర్ ఫిట్టింగ్ దగ్గర తడి. ఫిట్టింగ్ మార్చడం, గొట్టం మార్చడం, కూలెంట్ నింపడం, అంతే పని. బుక్ టైమ్ గంటలోపే. నా వంతు బండ్లు ఇంకా రెండు బయట నిలబడి ఉన్నాయి, ముందు వారమంతా గంటలు తక్కువ పడ్డాయి, ఆ టెన్షన్ నా చేతుల్లో ఉంది. కాసేపు నూనె కొట్టి నాననివ్వాలనీ, వెలుతురు వేసి ఆ లోహం ఎలా ఉందో చూడాలనీ నాకు తెలుసు. చూడలేదు. స్పానర్ పెట్టి లాగాను.

మానిఫోల్డ్ అంచుకి సమంగా విరిగింది. పట్టుకోవడానికి పైకి ఏమీ మిగల్లేదు. రంధ్రంలో థ్రెడ్లకి, అంటే మరలకి, అతుక్కుని ఒక పల్చటి ఉంగరం లాంటిది మిగిలింది, బూడిద రంగులో. ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను. మానిఫోల్డ్ పాడైతే అది విప్పడం ఒక రోజు పని, ఆ డబ్బు ఎవరిస్తారు, నన్ను ఉంచుతారా, తలలో ఇవే. పరాయి దేశంలో పని చేసేవాడికి విరిగిన బోల్టు మీదుగా ఆలోచన ఎక్కడెక్కడికో పోతుంది, వీసా దాకా, అద్దె దాకా. ఆ కంగారులో నా టూల్ బాక్స్‌లోంచి విరిగిన బోల్టులు తీసే ఈజీ అవుట్ బయటికి తీశాను.

అప్పుడే పక్క బే నుంచి, అంటే పక్క బండి నిలిపే చోటి నుంచి, అక్కడ పని చేసే పెద్దాయన వచ్చాడు. ఆయనా వలస వచ్చినవాడే, పోర్చుగల్ నుంచి, నేను పుట్టకముందే. ఆయన్ని పేరు పెట్టి పిలవడం నాకు నెలల తరబడి నోటికి రాలేదు. వచ్చి నా చేతిలో ఉన్నది చూశాడు, ఏమీ అనలేదు, రంధ్రంలో వేలు పెట్టి తడిమాడు, తర్వాత ఒకటే అడిగాడు.

"ఇది ఏ లోహం?"

నా దగ్గర జవాబు లేదు. ఇనుమే కదా అన్నట్టు చూశాను. ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి విరిగి బయటికొచ్చిన ముక్కకి ఆనించాడు. అంటుకోలేదు. చిన్న కత్తితో గీశాడు, మెత్తగా గీత పడింది, అంచు పొడిపొడిగా రాలింది. పోత పోసిన జింకు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ, లోపల కూలెంట్, బయట ఉప్పు, దాని పట్టు ఎప్పుడో పోయింది. "దీన్ని ఎవరు తిప్పినా విరిగేదే" అన్నాడు. "కానీ నువ్వు విరగదనుకుని మొదలుపెట్టావు. విరుగుతుందనుకుని మొదలుపెట్టాల్సింది."

ఈజీ అవుట్ వద్దన్నాడు, ఎందుకో కూడా అప్పుడే వివరంగా చెప్పాడు. ఇది అందరూ తెలుసుకోవాల్సిందే. ఈజీ అవుట్ అంటే కొస సన్నగా ఉండి పైకి పోయేకొద్దీ లావయ్యే పరికరం. లోపలికి దిగేకొద్దీ విరిగిన ముక్కని బయటి గోడ వైపు నొక్కుతుంది. పల్చటి ఉంగరం లాంటి ముక్కలో పెడితే దాన్ని ఇంకా బిగించేస్తుంది, లేదా చీల్చేస్తుంది. పైగా అది చాలా గట్టి ఉక్కు, గట్టిది కాబట్టి పెళుసు, సన్నదైతే లోపలే విరుగుతుంది. అలా విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు, ఇంకా గట్టిదైన కార్బైడ్ బిట్ కావాలి. ఒక సమస్య కాస్తా రెండవుతుంది.

వెల్డింగ్ మాటేంటి అని నేనడిగాను. ఇనుప స్టడ్, అంటే తల లేని బోల్టు, విరిగినప్పుడు నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి అదే. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డ్ చేసి, కొంచెం చల్లారనిచ్చి తిప్పితే, ఆ వేడి నేరుగా ముక్కలోకే పోయి తుప్పు పట్టు వదిలేస్తుంది. ఒకేసారి లాగకుండా ముందుకో పావు చుట్టు వెనక్కో పావు చుట్టు తిప్పుతూ రావాలి. కానీ జింకుకి అది కుదరదు. జింకు సుమారు 420 డిగ్రీలకే కరిగిపోతుంది, నట్టు అతుక్కునే లోపే ముక్క నీరైపోతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అలాగే ఇనుప బోల్టు అల్యూమినియంలో ఇరుక్కుంటే చుట్టూ వేడి చేయడం మంచి మార్గం. మీటరు పొడవు అల్యూమినియం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఉక్కు 1.2 మాత్రమే, కాబట్టి రంధ్రం బోల్టు కంటే ఎక్కువ విచ్చుకుంటుంది. ఇది కూడా జింకుకి పనికిరాదు, అది అల్యూమినియం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఇవన్నీ నాకు విడివిడిగా తెలిసిన విషయాలే. ఏ లోహం అన్న ప్రశ్న ముందు వేసుకోనందువల్ల ఏది ఎక్కడ పనికొస్తుందో ఆ క్షణంలో తోచలేదు.

ఒక ముఖ్యమైన మాట, మర్చిపోకముందే. వేడి చేయబోయే చోట, వెల్డింగ్ చేయబోయే చోట క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఎప్పుడూ కొట్టొద్దు. ఆ వేడికి అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం కూడా పోవచ్చు. డబ్బా మీద ఏం రాసుందో చదవండి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలు చదవడానికి బద్ధకిస్తారు, నేనూ అలాగే వదిలేసేవాణ్ని. ఇది మాత్రం వదలకండి.

ఆ రోజు మేం వాడింది ఒక మామూలు హ్యాక్సా బ్లేడు. ముందు కూలెంట్‌ని ఆ రంధ్రం మట్టం కిందికి దించాం. పొడి లోపలికి పోకుండా ఒక గుడ్డముక్కకి దారం కట్టి రంధ్రంలో కుక్కాం, దారం కొస బయటికి. బ్లేడు ఒక చివర టేపు చుట్టి చేత్తో పట్టుకున్నాను, పళ్లు నా వైపు ఉండేలా, అప్పుడు లాగినప్పుడు కోస్తుంది, పట్టు మన చేతిలో ఉంటుంది. ఉంగరం లోపలి వైపు నుంచి బయటికి, థ్రెడ్ల దిశగా ఒక గాడి కోయాలి. దాని పక్కనే, చిటికెన వేలి వెడల్పు దూరంలో ఇంకో గాడి. ఎక్కడ ఆపాలన్నదే అసలు కష్టం. ఎక్కువ దిగితే మానిఫోల్డ్ థ్రెడ్లు తెగుతాయి, అల్యూమినియం మెత్తన, అక్కడి నుంచి కారడం మొదలైతే ఇక ఆగదు. తక్కువ దిగితే ముక్క ఊడదు.

నాలుగుసార్లు లాగడం, ఆపి టార్చి వేసి చూడడం. మళ్లీ నాలుగుసార్లు. పెద్దాయన నా పక్కన నిలబడి చూస్తూ ఉన్నాడు, బ్లేడు తన చేతిలోకి తీసుకోలేదు. "పొడి రంగు చూడు" అన్నాడు. జింకు పొడి మసకగా, సీసం రంగులో రాలుతుంది. అల్యూమినియం తగిలితే మెరుస్తుంది. కోతలో అడుగున ఒక వెంట్రుకంత మెరుపు కనిపించింది. ఆపాను. రెండో గాడి కోయడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. చిన్న ఉలి పెట్టి, రెండు గాడుల మధ్య ముక్కని లోపలి వైపుకి సుత్తితో మెల్లగా తట్టాను. మూడో దెబ్బకి అది ఒరిగి గుడ్డ మీద పడింది. ఆ చిన్న ముక్క ఊడగానే మిగతా ఉంగరమంతా పట్టు వదిలేసింది, ముక్కుపటకారుతో లోపలికి నొక్కి తిప్పితే చుట్టలా ముడుచుకుని బయటికొచ్చింది. పైపు థ్రెడ్ గుణం కూడా అందుకు సాయపడింది. ఇక్కడి పైపు థ్రెడ్లు లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి, పొడవు 16కి వ్యాసం 1 చొప్పున. బిగించేటప్పుడు తిప్పేకొద్దీ బిగుస్తుంది, కానీ ఒక్కసారి కదిలిందంటే ఇక ఏ చుట్టులోనూ పట్టు ఉండదు.

ఈ పైపు కొలతలతో నేను మొదట్లో చాలా తికమకపడ్డాను. అర అంగుళం ఫిట్టింగ్ అంటారు, కొలిస్తే బయట 21 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, ఎక్కడా అర అంగుళం కనపడదు. అది పాతకాలపు పైపు లోపలి రంధ్రం పేరు. మిల్లీమీటర్లలో పని నేర్చుకుని వచ్చినవాళ్లు కొత్త ఫిట్టింగ్ ఆర్డర్ చేసేముందు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

మిగతాది మామూలే. థ్రెడ్ల సందుల్లో మిగిలిన పొడిని సూదిలాంటి పిక్‌తో తీసి, మరలు సరిచేసే ట్యాప్‌కి గ్రీజు రాసి చేత్తోనే నెమ్మదిగా దింపి, గుడ్డ లాగేసి, కొత్త ఫిట్టింగ్‌కి కూలెంట్‌ని తట్టుకునే సీలెంట్ రాసి బిగించాం. సన్నబడే థ్రెడ్ కాబట్టి చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు. అంతకు మించితే అల్యూమినియం పగులుతుంది. రేడియేటర్ మూత మీద రాసినంత ప్రెజర్ పెట్టి పావుగంట ఉంచాం, గేజ్ ముల్లు కదల్లేదు.

మొత్తం మూడున్నర గంటలు. లెక్క తేలాల్సింది అప్పుడే. ఒంటారియోలో ముందిచ్చిన అంచనా కంటే 10 శాతం మించి బిల్లు వేయకూడదని చట్టం, కస్టమర్ కొత్తగా ఒప్పుకుంటే తప్ప. అంటే ఎవరో ఒకరు ఆయనకి ఫోన్ చేసి చెప్పాలి. కస్టమర్లతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ నన్ను అడిగింది, ఏమైందీ అని. నా నోట్లో ముందు వచ్చిన మాట "విరిగింది". తెలుగులో అయినా ఇంగ్లిష్‌లో అయినా ఆ మాటలో మనిషి ఉండడు, వస్తువు తనంతట తానే విరుగుతుంది. అబద్ధం కూడా కాదు, పెద్దాయనే అన్నాడు కదా ఎవరు తిప్పినా విరిగేదేనని. కానీ నేను చూడకుండా లాగానని నాకు తెలుసు. "నేను తిప్పుతుంటే విరిగింది, తిప్పేముందు నేను చూడాల్సింది, మీకు చెప్పాల్సింది" అన్నాను. ఆమె ఒక క్షణం నా మొహం చూసి, ఫోన్ తీసుకుంది. ట్రక్కు యజమాని ఒక గంట అదనంగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మిగతా గంటన్నర పైచిలుకు నాకు రాలేదు. ఉద్యోగం పోలేదు. దాని గురించి తర్వాత ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ ఆ రాత్రంతా నేను మాత్రం పోతుందనే అనుకున్నాను.

ఫ్లాట్ రేట్ తప్పని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇరుక్కున్న దాన్ని తీయడానికి కావాల్సింది టైమే, ఆ టైమునే లెక్కలో లేకుండా చేస్తే కొత్తవాళ్లు తొందరపడతారు, వాళ్ల వెనక తిరిగి వెళ్లడానికి దారి ఉండదు కాబట్టి ఇంకా తొందరపడతారు. నేను ఆ పద్ధతిని మార్చలేను. నేను చేయగలిగింది ఒకటే, బండి చూడగానే, చేయి వేయకముందే, ఇది విరగొచ్చు, విరిగితే ఇంత టైమ్ పడుతుంది, ఒప్పుకుంటారా అని రాయించుకోవడం. సర్వీస్ అడ్వైజర్లకి మొదట్లో ఇది నచ్చలేదు. ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు.

మూడు వారాల తర్వాత అలాంటి ట్రక్కే ఇంకోటి వచ్చింది, అదే ఫిట్టింగ్, అదే చోట తడి. అయస్కాంతం పెట్టి చూశాను, ఫోన్ చేయించాను, రెండు గంటలు అదనంగా ఒప్పుకున్నారు. ఫిట్టింగ్‌లో పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని కోసేసి, స్పానర్ ముట్టుకోకుండా నేరుగా బ్లేడు పట్టుకున్నాను. యాభై నిమిషాల్లో ఉంగరం బయటికొచ్చింది.