పాత కాపీలు తీసేసిన శనివారం

పొద్దున పదింటికి అకౌంట్స్ మేడమ్ మెసేజ్ పెట్టారు. "అన్నీ సరిపోయాయి. జీతాల షీటు నిన్ననే బ్యాంకుకి పంపేశాం. ఇంక ఆ పాత సర్వర్ కాపీలు తీసేయండి." నాలుగు రోజులుగా ఈ మాట కోసమే ఆగాను.

మంగళవారం మధ్యాహ్నం ఫైల్ సర్వర్‌లో ఆరు నెలల హాజరు షీట్ల మీద వేరే ఫైళ్లు పడిపోయాయి. ఆ తప్పుడు లెక్కలే పేరోల్, అంటే జీతాల డేటాబేస్‌లోకీ ఎక్కాయి. మావి వర్చువల్ సర్వర్లు, అంటే పెద్ద మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచేవి. సోమవారం రాత్రి తీసిన బ్యాకప్ నుంచి ఆ రెండు సర్వర్ల కాపీలనూ వేరే పేర్లతో లేపాం, నెట్‌వర్క్ కార్డు మాత్రం కనెక్ట్ చేయలేదు. ఒకే ఐపీ అడ్రసుతో అసలుదీ కాపీదీ రెండూ నెట్‌వర్క్ మీదకొస్తే ఉన్న గొడవకి ఇంకోటి తోడవుతుంది. ఫైళ్లు త్వరగా కాపీ కావాలని కాపీ సర్వర్ డిస్కుని తెచ్చి అసలు ఫైల్ సర్వర్‌కే తగిలించాం. డేటాబేస్‌నైతే నెట్‌వర్క్ లేకుండానే సర్వర్ స్క్రీన్ చూపించే కన్సోల్‌లోనే తెరిచాం. మేడమ్ నా పక్కన కూర్చుని ఒక్కో వరసా చూసుకున్నారు.

అందరూ గుర్తుపెట్టుకునేది ఆ మంగళవారాన్నే. నాకు మాత్రం భయమంతా ఇవాళ్టి పని మీదే. పోయినదాన్ని తెచ్చేటప్పుడు చెయ్యి జారితే మళ్లీ తెచ్చుకోవచ్చు. తీసేసేటప్పుడు జారితే బాగున్న సర్వరే పోతుంది.

ముందు ఆ తగిలించిన డిస్కు సంగతి. విండోస్‌లో దాన్ని ఆఫ్‌లైన్ చేసి, వర్చువల్ సర్వర్లను నడిపే వీస్పియర్‌లో ఎడిట్ సెట్టింగ్స్ తెరిచాను. హార్డ్ డిస్క్ 1, 2, 3. మూడోదే మనం తగిలించిందని తెలుసు. అయినా దాని కింద ఉన్న ఫైల్ పాత్‌ని మా టీమ్‌లో తమ్ముడని పిలిచే కుర్రాడి చేత పైకి చదివించాను. పోయిన నెలే చేరాడు, వేలు స్క్రీన్ మీద పెట్టి మరీ చదివాడు. తీసేయమనగానే పక్కనే చిన్న పెట్టె కనిపిస్తుంది, డేటాస్టోర్‌లోంచి, అంటే ఈ సర్వర్ల ఫైళ్లన్నీ ఉండే నిల్వలోంచి, ఫైళ్లు కూడా డిలీట్ చేయాలా అని. దాన్ని ఖాళీగానే వదిలేశాను. ముందు విడదీయాలి, సర్వర్ మామూలుగా నడుస్తోందని చూసుకోవాలి, చెరపడం ఆ తర్వాత. మంగళవారం రాత్రి ఫైల్ సర్వర్ బ్యాకప్ అంతసేపు ఎందుకు పట్టిందో వాడికి ఇప్పుడు అర్థమైంది. ఈ డిస్కునీ కలుపుకుని మొత్తం చదివింది మరి.

తర్వాత డేటాబేస్ కాపీని ఆపాం. పవర్ ఆఫ్ కాగానే 16 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలకపోతే వాడుకునేందుకు డిస్కు మీద పెట్టే ఫైల్) దానంతటదే పోయింది. మెమరీని ఆ సర్వర్‌కే ప్రత్యేకంగా రిజర్వ్ చేయకపోతే ఎంత ర్యామ్ ఇస్తామో అంత స్వాప్ ఫైల్ డిస్కు మీద కూర్చుంటుంది.

"అన్నా, రిమూవ్ ఫ్రమ్ ఇన్వెంటరీ అంటే సరిపోదా?" అన్నాడు.

సరిపోదు. అది జాబితాలోంచి పేరు మాత్రమే తీస్తుంది, డిస్కు ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఊళ్లో అందరి జీతాల లెక్కా తలుపు గడియ లేని గదిలో పెట్టి వెళ్లిపోయినట్టే. భద్రత కోసం వచ్చే కొత్త ప్యాచ్‌లు పడవు, పాత పాస్‌వర్డులే పనిచేస్తాయి, ఎవరూ దానివైపు చూడరు. అందుకే డిలీట్ ఫ్రమ్ డిస్క్. పేరు ఇద్దరం చెరోసారి చదివాకే నొక్కాను, రెండు కాపీలకీ. ఒకటి 400 జీబీ, ఒకటి 120. నాలుగు టీబీల డేటాస్టోర్ 90 శాతం నుంచి 77కి దిగింది. 85 దాటినప్పటి నుంచి ఉన్న ఎర్ర హెచ్చరిక గుర్తు పసుపైంది.

డేటాస్టోర్ ఫోల్డర్లు చూస్తుంటే ఇంకో రిస్టోర్ కాపీ బయటపడింది. ఇంకా నడుస్తూనే ఉంది. కొన్ని ఫైళ్ల తేదీలు దసరా నాటివి, నోట్స్ ఖాళీ. ఎవరు లేపారో చూద్దామంటే వీస్పియర్‌ని అదుపు చేసే వీసెంటర్‌లో టాస్కుల చరిత్ర 30 రోజులే ఉంచారు. టీమ్‌లో అందరినీ అడిగాను, ఎవరికీ గుర్తులేదు. నెట్‌వర్క్ కార్డు తీసేసి ఉంది, అంతవరకు నయం. తమ్ముడు ఇదీ తీసేద్దామన్నాడు. నాకు మనసొప్పలేదు. ఎవరో ఏదో పోగొట్టుకుని దాని కోసం లేపిందే కదా. ఆ పని అయిందో లేదో చెప్పే మనిషి దొరకాలి.

పవర్ ఆఫ్ చేశాం. నోట్స్‌లో ఇవాళ్టి తేదీ, నా పేరు రాసి, వచ్చే శనివారం వరకు ఎవరూ అడగకపోతే తీసేయాలి అని పెట్టాను.