మలుపు బోర్డుకు కట్టిన ఫ్లెక్సీ

మా ఊరికి తిరిగే చోట రెండు బోర్డులున్నాయి, ఒకటి ముందు మలుపు ఉందని, రెండోది పక్కన బడి ఉందని. రెండు నెలల కిందట ఎవరో వాటి స్తంభాలకే పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. పుట్టినరోజు అయిపోయింది, ఫ్లెక్సీ అలాగే ఉంది, రాత్రి పూట కొత్తగా వచ్చే లారీ డ్రైవరుకి అక్కడ మలుపు ఉందని తెలిసే దారే లేదు. పొద్దున్నే పిల్లలు సైకిళ్ల మీద రోడ్డు దాటుతుంటే నాకు టెన్షన్‌గా ఉంటోంది.

పంచాయతీలో అడిగితే "ఆ రోడ్డు మాది కాదు తమ్ముడూ, ఆర్ అండ్ బీ వాళ్లది" అన్నారు. వాళ్లని, అంటే రోడ్లు భవనాల శాఖ వాళ్లని అడిగితే ఫ్లెక్సీల సంగతి పంచాయతీ చూసుకోవాలన్నారు.

అసలు రోడ్డు ఎవరిదో కిలోమీటరు రాయే చెబుతుంది. తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామ సడక్ యోజనలో వేసిన పల్లె రోడ్డు. మా దగ్గరున్న రాయిది ఆకుపచ్చ, అంటే ఆర్ అండ్ బీదే.

ఇక ఫ్లెక్సీ తీసే అధికారం ఆర్ అండ్ బీకి లేదంటే నేను ఒప్పుకోను. 1988 మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ చదవండి. ట్రాఫిక్ బోర్డులు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అప్పగించిన సంస్థకి ఉంటుంది, జాతీయ రహదారులైతే వాటిని చూసుకునే కేంద్ర సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ కూడా పెట్టొచ్చు. బోర్డు కనబడకుండా అడ్డొచ్చే ప్రకటనని, ట్రాఫిక్ బోర్డులా కనిపించి తికమక పెట్టేదాన్ని, డ్రైవరు దృష్టి మళ్లించేదాన్ని తీసేయించే అధికారం కూడా ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది, రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యత ఉన్న అధికార సంస్థకీ కాంట్రాక్టరుకీ లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

రోడ్డు పంచాయతీది కాకపోయినా దాన్ని దాటేది పంచాయతీ పిల్లలే కదా, ఆర్ అండ్ బీకి ఒక ఉత్తరం రాయడానికి ఏ జీవో కావాలి? ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్లని పిలిచి "తీసేయండి బాబూ" అని సర్పంచ్ ఒక్క మాటంటే సాయంత్రానికి దిగిపోతుంది, మా ఊళ్లో ఆయన మాటకి ఆ విలువ ఉంది.

సోమవారం మళ్లీ రెండు ఆఫీసులకీ వెళ్తున్నా. ఈసారి అర్జీతో పాటు ఫ్లెక్సీ ఫొటో, ఆకుపచ్చ రాయి ఫొటో, 116వ సెక్షన్ కాపీ జత చేస్తున్నా, రసీదు తీసుకున్నాకే వస్తా.