బుకింగ్ రశీదుకూ బండి తాళానికీ మధ్య

విజయవాడలో ఒక కార్ల డీలర్‌షిప్‌లో ఆరేళ్లపాటు నేను స్టాకు, ఆర్డర్ల లెక్కలు చూశాను. ఆ ఆరేళ్లలో కొనుగోలుదారులు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న, "నా బండి ఇప్పుడు ఎక్కడుంది?" అన్నది. చాలాసార్లు ఆ బండి ఇంకా పుట్టనే లేదన్నది అసలు సమాధానం. ఆ మాట చెప్పడానికి షోరూంలో ఎవరికీ నోరు రాదు. అందుకే "మూడు వారాల్లో వచ్చేస్తుందండీ" అంటారు.

బుకింగ్ సొమ్ము కట్టగానే ఫ్యాక్టరీలో తమ పేరు మీద ఒక కారు తయారీ మొదలవుతుందని చాలామంది నమ్ముతారు. మన దేశంలో మామూలు కార్ల విషయంలో పద్ధతి అది కాదు. ఏ వేరియంటు, ఏ ఇంధనం, ఏ గేరుబాక్సు, ఏ రంగు ఎన్నెన్ని కావాలో డీలరు ప్రతి నెలా కంపెనీ ఏరియా ఆఫీసుకు ఇండెంటు పంపుతాడు. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఇండెంట్లను కంపెనీ ఒకచోట కూడి, చేతిలో ఉన్న విడిభాగాలతో సరిచూసుకుని ఉత్పత్తి ప్రణాళిక వేస్తుంది. రాబోయే నెల ప్రణాళిక దాదాపు ఖాయమైపోతుంది, ఆపై నెలలది అంచనా మాత్రమే. ఆ ప్రణాళిక ప్రకారం తయారైన బండ్లను డీలర్లకు పంచడాన్నే మేము అలాట్‌మెంటు అంటాం. మేము పది అడిగితే నాలుగు వచ్చిన నెలలున్నాయి, అడగనివి రెండు వచ్చిన నెలలూ ఉన్నాయి.

పంపకంలో ప్రధానంగా చూసేది, గడచిన కొన్ని నెలల్లో ఆ డీలరు నిజంగా ఎన్ని బండ్లు అమ్మాడు, యార్డులో ఎన్ని మిగిలాయి, చేతిలో ఎన్ని బుకింగ్‌లు ఉన్నాయి అన్నవి. రాతలో కనిపించని మరో సంగతి కూడా ఉంది. గిరాకీ ఉన్న ఆటోమేటిక్ బండ్లు కావాలంటే, కదలని వేరియంట్లు కొన్ని కూడా తీసుకోవాలని నెలాఖరున ఫోను వస్తుంది. తీసుకున్న ప్రతి బండికీ డీలరు బ్యాంకు అప్పుతో డబ్బు కడతాడు, అది యార్డులో నిలిచిన ప్రతి రోజుకూ వడ్డీ పెరుగుతుంది. 2024 సెప్టెంబరు చివరికి దేశవ్యాప్తంగా డీలర్ల దగ్గర సుమారు 7.9 లక్షల కార్లు, అంటే 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా సరుకు, పేరుకుపోయిందని డీలర్ల సమాఖ్య ఫాడా ప్రకటించింది. వాటి విలువ దాదాపు 79,000 కోట్ల రూపాయలు. ప్రతి నెలా ఒకటో తేదీన పత్రికల్లో వచ్చే కార్ల అమ్మకాల అంకెల్లో చాలా భాగం కంపెనీ నుంచి డీలరుకు బయలుదేరిన బండ్లవేనని, ఇళ్లకు చేరినవి కావని తెలిస్తే తప్ప ఈ పరిస్థితి అర్థం కాదు.

ఒకే మోడల్ యార్డులో ఇరవై ఉండగా మీకు కావలసినది ఆరు నెలలు దొరకకపోవడం కూడా ఇందులో భాగమే. 2023 ఏప్రిల్‌లో టయోటా, ఇన్నోవా హైక్రాస్‌లో అన్నిటికంటే పై వేరియంట్ల బుకింగ్‌లను సరఫరా ఇబ్బందుల వల్ల ఆపేసింది, కింది వేరియంట్లకు మాత్రం బుకింగ్‌లు కొనసాగాయి. ఒక్క విడిభాగం కొరవడితే అది అవసరమైన వేరియంటే ఆగిపోతుంది, మిగతావి లైను మీద నడుస్తూనే ఉంటాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే ఉంది కదా, ఆ బండ్లు మనకు ముందుగా రావా అని అడిగినవారున్నారు. ఫ్యాక్టరీ దగ్గరుంటే ట్రెయిలరు ప్రయాణం తగ్గుతుంది, అలాట్‌మెంటులో వంతు పెరగదు.

మన వైపు మరో చిక్కు పంచాంగం. ఆషాఢంలోనూ మూఢంలోనూ డెలివరీ తీసుకునేవారు అరుదు. శ్రావణం రాగానే అందరికీ ఒకే వారంలో, వీలైతే శుక్రవారం నాడే, బండి కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే కేరళలో ఓణం, మహారాష్ట్రలో వినాయక చవితి గిరాకీ మొదలవుతుంది. అప్పుడు ఒకే ఉత్పత్తిని మూడు వైపులా పంచవలసి వస్తుంది.

అలాంటి ఒక శ్రావణంలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఎర్ర రంగు ఆటోమేటిక్ కోసం నాలుగోసారి షోరూంకు వచ్చారు. అమ్మిన కుర్రవాడు ఆయనకూ మూడు వారాలే చెప్పాడు. నేను కంప్యూటరు తెరను ఆయన వైపు తిప్పాను. ఆ వేరియంటుకు, ఆ రంగుకు ఆయన కంటే ముందు తొమ్మిది బుకింగ్‌లున్నాయి. అంతకు ముందు రెండు నెలల్లో కలిపి మాకు వచ్చినవి ఐదు. ఆయన జేబులోని పెన్ను తీసి రశీదు వెనకనే లెక్క వేసుకున్నారు.

"ఈ లెక్క మొదటి రోజే చెప్పి ఉంటే, బాబూ, నేను ఇన్నిసార్లు తిరిగేవాణ్ణి కాదు కదా" అన్నారు.

"తప్పు మాదేనండీ, మాస్టారూ" అన్నాను.

అప్పటినుంచి అడిగినవారికల్లా ఆ తెర చూపించాను. బుక్ చేసేవారు తేదీ అడగడం కంటే, తమకు కావలసిన వేరియంటులో, రంగులో తమ ముందు ఎందరున్నారు, గత రెండు నెలల్లో ఎన్ని వచ్చాయి, దారిలో ఎన్ని ఉన్నాయి అని అడగడం మంచిది. బండి కేటాయించామని చెబితే చాసిస్ నంబరు, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, అడగాలి. అది చెప్పగలిగితే బండి తయారైనట్టే, తప్పించుకుంటే ఇంకా కాలేదని అనుకోవచ్చు. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలో నమోదవుతాయి కాబట్టి, డబ్బు పూర్తిగా కట్టక ముందే వాటినీ చూసుకోవాలి.

మాస్టారి బండి దసరాకు నాలుగు రోజుల ముందు, రాత్రి పదకొండు గంటలకు యార్డుకు చేరింది. ట్రెయిలరు పై అంతస్తు నుంచి దించాక, దుమ్ము పట్టిన అద్దం తుడిచి, టార్చిలైటు వెలుగులో నంబరును ఇన్‌వాయిస్‌తో సరిచూసి, అప్పటికప్పుడు ఆయనకు ఫోను చేశాను. చివరి ఆరు అంకెలు నా చేత రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.